ముద్రాపహరణము

విశాఖదత్తుని ముద్రారాక్షసమును చదివిన పాఠకులకు అందలి ఉంగరపు కథ జ్ఞాపకముండకపోదు. నందుల మంత్రియగు రాక్షసుడు పాటలీపుత్రమును విడిచిపోవునపుడు తన కుటుంబమును చందనదాసుడను మిత్రుని యింట దాచెను. తన పేరు చెక్కిన ఉంగరమును గుఱుతుగా భార్యయొద్ద నుంచెను. ఒకనాడు పసిబాలుడొకడు వాకిలి దాటబోగా లోపలినుండి ఒక స్త్రీ తొందరగా చేయిచాచి వానిని లోనికి లాగికొనెను. ఆ తొందరలో ఉంగరము వ్రేలినుండి జాఱి గడప దాటి దొరలెను. అది చాణక్యుని చారునికి దొరకినది. అంతట చాణక్యుడు రాక్షసుని స్నేహితుడైన శకటదాసునిచేతనే, వానికి సంగతి తెలియకుండ, ఒక లేఖ వ్రాయించి దానిపై ఆ ఉంగరముతో ముద్ర వేయించెను. ఆ లేఖ సరియైన సమయమున మలయకేతుని కంటబడినది. రాక్షసుడు తాను పంపని లేఖకు, తాను తలపెట్టని ద్రోహమునకు సమాధానము చెప్పుకొనలేక, తన్ను నమ్మినవాని యెదుటనే ద్రోహిగా నిలువబడెను.

ఈ కథయందు గమనింపదగినవి మూడు కలవు. రాక్షసుడు తన ఉంగరమును తాను పాఱవేసికొనలేదు. అది యింకొకరి యింట, ఇంకొకరి చేతినుండి జాఱినది. దొంగ యతని ధనమును ముట్టలేదు. పేరును మాత్రమే గైకొనెను. పోయినదేదో రాక్షసునికి తెలియునప్పటికి జరుగవలసిన కార్యము జరిగిపోయెను. నేడు మన దేశమున ఏ సైబరు పోలీసు ఠాణాకు పోయినను ఈ మూడు లక్షణములతో గూడిన ఫిర్యాదులే కనబడును. ఆంగ్లమున దీనిని 'ఐడెంటిటీ థెఫ్ట్' అందురు. ఇతరుని పేరును, సంఖ్యలను, ముద్రను, ఛాయాచిత్రమును సంగ్రహించి, తానే యతడైనట్లు నటించి, అతని సొమ్ము తీయుట, అతని పేర అప్పుచేయుట, అతని పేర నేరము చేయుట యనునవి దీని రూపములు.

అయితే నాటికిని నేటికిని ఒక భేదము కలదు. ఉంగరము పోయినచో దాని ముద్ర యికమీదట చెల్లదని చాటించి, కంసాలిచేత మఱియొకటి చేయించుకొనవచ్చును. నేడు ముద్రయనగా మన బొటనవ్రేలే. పోయిన వ్రేలిముద్రకు మాఱుగా ఇంకొకదానిని చేయగల కంసాలి లేడు. ఈ భేదమును ప్రజలును, ప్రభుత్వములును ఇంకను చక్కగా గ్రహింపలేదని మాకు తోచుటచేతనే ఈ నాలుగు మాటలను వ్రాయుచున్నాము.

హుగ్లీ కచేరి

వ్రేలిముద్ర కచేరికెక్కినది మన దేశముననే. 1858వ సంవత్సరమున వంగదేశమందలి జంగీపురములో ఉద్యోగిగానుండిన విలియం హెర్షెల్ అను దొర, రాజ్యధర్ కొనాయి యనువానితో బాటపనికి వలసిన సామగ్రినిగూర్చి కరారు వ్రాయించుకొనుచు, వట్టి దస్కతుతో తృప్తినొందక, అతని అరచేతి ముద్రనుగూడ కాగితముపై వేయించెను. తరువాత 'ఈ దస్కతు నాది కాద'ని యతడు బొంకకుండ భయపెట్టుటయే ఆ పనికి కారణము. 1877లో హుగ్లీ జిల్లాకు మేజిస్ట్రేటుగానున్నపుడు హెర్షెల్ ఈ పద్ధతిని దస్తావేజుల రిజిష్ట్రేషనునందును, సర్కారు పింఛనుల పంపకమందును ప్రవేశపెట్టెను. వ్రాసి యిచ్చినవాడు వ్రాయలేదనకుండుటకును, చనిపోయిన పింఛనుదారు పేర బంధువులు సొమ్ము పుచ్చుకొనకుండుటకును అది సాధనమయ్యెను. 1897లో కలకత్తాయందు వ్రేలిముద్రల కార్యాలయము నెలకొల్పబడినది. వేలకొలది ముద్రలలో నొకదానిని వెదకి తీయుటకు వలసిన వర్గీకరణమును సమకూర్చుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను భారతీయోద్యోగులిరువురు పాటుపడిరి.

పుట్టుకయందే ఈ ముద్రకొక స్వభావమబ్బినది. ప్రజలపై సర్కారునకుగల అపనమ్మకమునుండి ఇది పుట్టినది. ప్రజలు మోసగింపకుండ సర్కారును కాపాడుట దీని పని. సర్కారు పెట్టెలోనున్న ముద్రను మూడవవాడు దొంగిలించి ప్రజలనే మోసగించినచో వారిని కాపాడువారెవరను ప్రశ్న ఆనాడు పుట్టలేదు. నూట నలువది యేండ్లకు ఆ ప్రశ్న తెలుగునాట, అదే రిజిష్ట్రేషను కచేరి వాకిట, పుట్టినది.

ధర్మారపు రబ్బరు ముద్రలు

2018లో తెలంగాణమందలి పెద్దపల్లి జిల్లా ధర్మారములో సిమ్ కార్డుల వ్యాపారియొకడు పోలీసులకు పట్టుబడెను. రిజిష్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునందు ఎల్లరకు కనబడునట్లున్న భూముల దస్తావేజులను అతడు దింపుకొనెను. ఆ దస్తావేజులయందు ఆధార్ సంఖ్యయు, వ్రేలిముద్రయు ఒక్క కట్టలోనే దొరకినవి. అతడు ఆ ముద్రలను రబ్బరుపై తయారుచేసి, యంత్రముపై నొత్తి, ఆ భూస్వాముల పేర వేలకొలది సిములను చలామణిలోనికి తెచ్చెను. బ్యాంకులను కొల్లగొట్టవలెనను మహాసంకల్పమేదియు ఇందు లేదు. తనకు విధింపబడిన అమ్మకపు లెక్కను పూర్తిచేయుటయే ముఖ్యోద్దేశ్యము! ఇంత యల్పమైన లాభమునకు ఇంత సులభముగా వేలమంది వ్రేళ్లు దొరకినపుడు, పెద్ద దొంగకు అవి దొరకుట యెంత సేపు?

ఆ సంశయము నిజమయ్యెను. 2022లో సైబరాబాదు పోలీసులు పట్టుకొనిన ముఠా ఆంధ్రప్రదేశ్ రిజిష్ట్రేషను శాఖవారి వెబ్‌సైటునుండి దస్తావేజులను తీసికొని, అట్టి నకిలీ ముద్రలతోనే బ్యాంకు ఖాతాలనుండి సొమ్ము తీసినది. ఇచట ఒక సంగతిని పాఠకులు గుర్తింపవలెను. సొమ్ము పోగొట్టుకొనినవారు ఎవరికిని ఓటీపీ చెప్పినవారు కారు. ఏ లంకెను నొక్కినవారును కారు. వారు చేసినదెల్ల చట్టము కోరినట్లు ఇల్లో పొలమో రిజిష్టరు చేయించుకొనుటయే. ఉంగరము చందనదాసుని యింటినుండి జాఱినది.

ఈ దొంగతనమెట్లు సాధ్యమగునో తెలిసికొనుట అవసరము. పల్లెలలో బ్యాంకు లేని చోట 'బ్యాంకు మిత్ర' యొద్దనుండు చిన్న యంత్రముపై వ్రేలుంచి సొమ్ము తీసికొను ఏర్పాటొకటి కలదు. దానిని ఏఈపీఎస్ అందురు. బ్యాంకు పేరు, ఆధార్ సంఖ్య, వ్రేలిముద్ర యను మూడే దానికి కావలసినవి. కార్డు లేదు, రహస్యసంఖ్య లేదు, ఫోనునకు వచ్చు ఓటీపీ లేదు. చదువురాని కూలివానికి, పింఛనునకై వచ్చు వృద్ధురాలికి ఇది గొప్ప యుపకారము. పదిమైళ్లు నడువకుండ తన సొమ్ము తన యూరిలోనే చేతికందినది. ఒక పర్యాయమునకు పదివేల రూపాయలకు మించి తీయరాదను నిబంధనయు కలదు. కాని ఆ మూడును పరుని చేతబడినచో పదివేలు రెండుమాఱులు, మూడుమాఱులు పోవచ్చును. ఫోనునంబరు ఖాతాకు జోడింపనివారికి ఆ సంగతి పాసుపుస్తకము ముద్రింపించుకొనువఱకు తెలియదు.

ఇందలి దురవస్థను మేమెట్లు వర్ణింపగలము? మట్టిపని చేసి, నాట్లు వేసి, అంట్లు తోమి అరిగిపోయిన వ్రేలు యంత్రమునకు ఆనదు. ముసలమ్మ ముంతలో నీళ్లతో వ్రేలు కడిగికొని, కొంగున తుడిచికొని, పదిమాఱులొత్తినను 'సరిపోలలేదు' అని యంత్రము చెప్పును. యజమాని వ్రేలు తిరస్కరింపబడుచున్న చోటనే దొంగ రబ్బరు చెల్లినది. 2023లో ఆధార్ సంస్థవారు, యంత్రముపైనున్నది సజీవమైన వ్రేలో కాదో కనిపెట్టు క్రొత్త యేర్పాటును ప్రవేశపెట్టిరి. అది మంచి పనియే. కాని దొంగ పోయిన తరువాత వేసిన తలుపది.

పేరు పోయిన తరువాత

సొమ్ము పోవుట యొకటే కష్టము కాదు. పోయిన సొమ్మునకు లెక్కయైన నుండును. పోయిన పేరునకు లెక్క లేదు. మన పేర నింకొకడు తీసికొనిన సిముతో ఎవనినో బెదరించినచో పోలీసులు మొదట తట్టునది మన తలుపు. మన పాన్ సంఖ్యతో నింకొకడు చేసిన అప్పు తీఱనిచో బ్యాంకువారు ఋణమునకు తగనివాడని వ్రాసికొనునది మన పేరు. 2022 ఫిబ్రవరిలో, ఫోనుద్వారా చిల్లర అప్పులిచ్చు సంస్థయొకదానియందు తామెఱుగని అప్పులు తమ పాన్ సంఖ్యపై నున్నవని దేశమున ననేకులు కనుగొని గగ్గోలు పెట్టిరి. పిల్ల పెండ్లికో, ఇంటికో అప్పునకు పోయినవానికి 'నీ పేర ఎగవేత కలద'ని చెప్పినపుడుగాని తన పేరు ఇతరుల చేత తిరుగుచున్నదని తెలియదు.

మన సంగతులనే మనకు చెప్పి మనలను లొంగదీయుట మఱియొక పద్ధతి. ఫోనులో నొకడు పోలీసుననియో, సుంకముల అధికారిననియో చెప్పి, మన పేరు, తండ్రి పేరు, ఆధార్ సంఖ్య, ఇంటి చిరునామా తప్పులేకుండ చదువును. 'మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుపదార్థములు దొరకినవి. మిమ్ము డిజిటల్ అరెస్టు చేసితిమి. కెమెరాముందునుండి కదలరాదు' అనును. విద్యావంతులు, ఉద్యోగవిరమణ చేసిన పెద్దలు సయితము భయపడి జీవితకాలపు పొదుపును ధారపోసిరి. మన న్యాయశాస్త్రమున డిజిటల్ అరెస్టనునదే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే రేడియోలో ఈ మాటను దేశమునకు చెప్పవలసివచ్చెను. మన వివరములు తెలిసినంతమాత్రమున వాడు అధికారి కాడు. అవి సంతలో దొరకుచున్నవనుటకే అది నిదర్శనము. ఇదియొక్కటి గట్టిగా గుర్తున్నచో భయము సగము తగ్గును.

గృహస్థులు చేయదగినది

అయినచో మన మేమి చేయవలెను? ఎక్కువ ఖర్చు లేని, ఎక్కువ చదువక్కఱలేని కొన్ని జాగ్రత్తలు కలవు.

మొదటిది, అడిగినవారికెల్ల ఆధార్ జెరాక్సునిచ్చు అలవాటును మానుట. సంఖ్యలో మొదటి ఎనిమిది అంకెలు మఱుగుపఱచి, చివరి నాలుగు మాత్రమే చూపు 'మాస్క్‌డ్ ఆధార్'ను ఆధార్ సంస్థవారే యిచ్చుచున్నారు. లాడ్జీలకు, అద్దెయిండ్లకు సాధారణముగా అది చాలును. ఆధార్ సంఖ్యకు బదులుగా వాడుకొనుటకు పదునాఱంకెల 'వర్చువల్ ఐడీ'యు 2018నుండి కలదు. దానిని ఎన్నిమాఱులైన మార్చుకొనవచ్చును. పోయిన ఉంగరమునకు బదులు క్రొత్త ఉంగరము చేయించుకొను పాతకాలపు సదుపాయము మనకు మిగిలినది ఇచటనే. కాగితముపై నకలునే ఈయవలసివచ్చినచో దానిపై అడ్డముగా ఎవరికి, ఏ పనికి, ఏ తేదీన ఇచ్చితిమో సిరాతో వ్రాసి సంతకము చేయవలెను. జెరాక్సు దుకాణమువాని ఫోనునకు మన కార్డు పంపినపుడు పని ముగిసిన వెంటనే మన యెదుటనే దానిని తొలగింపుమని చెప్పుటకు మొగమాటపడరాదు.

రెండవది, వ్రేలిముద్రకు తాళము వేయుట. ఆధార్ సంస్థవారి వెబ్‌సైటునందుగాని, ఎం-ఆధార్ యాప్‌నందుగాని 'బయోమెట్రిక్ లాక్' అను సదుపాయము కలదు. అది వేసినచో మన ముద్ర యెవరి చేతనున్నను యంత్రము చెల్లనీయదు. మనకు పనిపడినపుడు మనమే తెఱచి, పని కాగానే మరల మూయవచ్చును. నెలనెల వ్రేలితో సొమ్ము తీసికొనువారికి ఇది కొంత ప్రయాస. అట్టివారి యింట చదువుకొనిన పిల్లలు ఈ పనిని తమదిగా భావింపవలెను. ఎక్కువమంది మధ్యతరగతి గృహస్థులకు వ్రేలిముద్రతో పని పడునది అరుదుగనే. వారు తాళము వేయక తెఱచియుంచుటకు కారణము కనబడదు. గడచిన ఆఱుమాసములలో మన ఆధార్‌ను ఎవరెవరు ఎప్పుడెప్పుడు సరిచూచిరో ఆ వెబ్‌సైటునందే చూడవచ్చును. మనమెఱుగని తేదీ కనబడినచో మేలుకొనవలెను.

మూడవది, యంత్రముముందు వ్రేలుంచు ప్రతిసారి రసీదు అడుగుట. 'పడలేదమ్మా, ఇంకొకసారి పెట్టు' అని చెప్పి రెండుమాఱులు సొమ్ము తీసి ఒకమాఱు చేతికిచ్చు ఘటనలు కలవు. పడనిదానికిని చీటీ వచ్చును, ఆ చీటీనడుగవలెను. నెలకొకసారి పాసుపుస్తకమును ముద్రింపించుకొనవలెను. ఖాతాకు ఫోనునంబరు జోడింపని వృద్ధులెవరైన ఇంటనున్నచో ఆ పనిని ఈ వారమే చేయించుట మేలు.

నాలుగవది, మన పేర ఎన్ని సిములున్నవో చూచుకొనుట. టెలికాం శాఖవారు ఇందుకై చేసిన ఏర్పాటు 2021లో మొదట ఆంధ్ర, తెలంగాణములలోనే ప్రారంభమై, 2023నుండి 'సంచార్ సాథీ' యను పేర దేశమంతటికి లభించుచున్నది. అందు మన నంబరును, వచ్చిన ఓటీపీని ఇచ్చినచో మన పేరనున్న నంబరులన్నియు కనబడును. మనది కానిదానిని 'నాది కాదు' అని గుర్తించి తెలుపవచ్చును. మన ప్రాంతములలో ఒకనికి తొమ్మిది సిములకు మించి యుండరాదు. చేతిలోని ఫోనునకు కారణము లేకుండ సిగ్నలు హఠాత్తుగా పోయి, పరిసరముల నితరులకు వచ్చుచున్నచో ఉపేక్షింపరాదు. మన నంబరుపై నింకొకడు నకలు సిము తీసికొనియుండవచ్చును. వెంటనే వేఱొక ఫోనునుండి కంపెనీకిని, బ్యాంకునకును తెలుపవలెను.

అయిదవది, సంవత్సరమునకొకసారి మన ఋణచరిత్రను చూచుకొనుట. మన దేశమున ఇట్టి చరిత్రలను వ్రాయు సంస్థలు నాలుగు కలవు. సిబిల్ అను పేరు అందఱు విన్నదే. ప్రతి సంస్థయు ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెనని రిజర్వుబ్యాంకువారి యాజ్ఞ. మనది కాని అప్పు అందు కనబడినచో వ్రాతమూలముగా అభ్యంతరము తెలుపవలెను. ముప్పది దినములలో సరిచేయనిచో అటుపై దినమునకు నూఱు రూపాయలు మనకు చెల్లింపవలెనని 2024 ఏప్రిలునుండి నియమము అమలులోనికి వచ్చినది.

ఇంకొక హెచ్చరికను యువకులకు చేయవలసియున్నది. 'నీ బ్యాంకు ఖాతాను, సిమును మాకు వాడుకొననిమ్ము, నెలకింత యిత్తుము' అను ప్రలోభమునకు కొందఱు విద్యార్థులు లోబడుచున్నారు. దొంగసొమ్ము నడచుటకు అది కాలువ. అట్లు పేరును అద్దెకిచ్చినవాడు తన పేరును తానే దొంగచేతికిచ్చినవాడగును. రేపు కటకటాలముందు నిలుచువాడును వాడే.

మొదటి గడియ

ఎంత జాగ్రత్తపడినను మోసము జరుగవచ్చును. అప్పుడు సిగ్గుపడి దాచుటవలన దొంగకు తప్ప నెవరికిని లాభము లేదు. 1930 అను ఫోనునంబరు ఇందులకే యేర్పడినది. సొమ్ము ఒక ఖాతానుండి మఱియొకదానికి పరుగెత్తుచుండగనే దానిని నిలిపివేయించుట దాని పని. కావున గంటలు కాదు, నిమిషములు లెక్కింపవలెను. అటుపై జాతీయ సైబరు నేరముల వెబ్‌సైటునందును, బ్యాంకునందును వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి, ఫిర్యాదు సంఖ్యను భద్రపఱచుకొనవలెను.

బ్యాంకు గుమాస్తా 'తప్పు మీదే' యన్నంతమాత్రమున తిరిగి రావలసిన పని లేదు. 2017 జులై 6న రిజర్వుబ్యాంకువారు చేసిన ఉత్తరువున, తప్పు బ్యాంకుదిగాని ఖాతాదారునిదిగాని కాక మూడవవాని మోసమువలన సొమ్ము పోయినపుడు, బ్యాంకునుండి సమాచారమందిన మూడు పనిదినములలో తెలిపిన ఖాతాదారునిపై ఎట్టి భారమును లేదని చెప్పబడినది. నాలుగునుండి ఏడు దినములలో తెలిపినచో భారము పరిమితము. తెలిపిన పది పనిదినములలో ఆ మొత్తమును ఖాతాలో జమకట్టవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తప్పు ఖాతాదారునిదని ఋజువుచేయవలసిన భారము బ్యాంకుపైననే పెట్టబడినది. రహస్యసంఖ్యను మనమే చెప్పినపుడు మాత్రము, ఫిర్యాదు చేయువఱకు జరిగిన నష్టము మనదగును. నేరస్థునకు శిక్షయు కలదు. పరుని రహస్యపదమును, గుర్తింపు చిహ్నమును మోసముతో వాడుకొనినవానికి సమాచార సాంకేతిక చట్టము 66సి సెక్షను క్రింద మూడేండ్లవఱకు జైలును, లక్ష రూపాయలవఱకు జుల్మానాయు. 2024 జులై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 319 సెక్షను క్రింద పరుని వేషముతో చేసిన మోసమునకు అయిదేండ్లవఱకు జైలును విధింపవచ్చును.

గడప కాచువారెవరు?

ఇంతవఱకు ప్రజలకు చెప్పితిమి. ఇంతటితో నిలిపినచో మేము సగము సత్యమునే చెప్పినవారమగుదుము. దస్తావేజుపై తన వ్రేలిముద్ర నొత్తిన రైతు ఏ జాగ్రత్త తీసికొనగలడు? ముద్ర వేయనన్నచో రిజిష్ట్రేషను లేదు. ఆధార్ ఈయనన్నచో పింఛను లేదు. కోరి యిచ్చినదానికి ఇచ్చినవాడు బాధ్యుడనవచ్చును. విధిగా తీసికొనినదానికి తీసికొనినవాడే బాధ్యుడు. ఇది సామాన్య ధర్మము.

2022 మే 27న ఆధార్ సంస్థవారి బెంగుళూరు కార్యాలయము, నకళ్లను ఎవరికి బడిన వారికి ఈయవలదని, మాస్క్‌డ్ ఆధార్‌నే యీయవలసినదని ప్రకటించెను. రెండు దినములకే, జనులు అపార్థము చేసికొందురను కారణముచే, ఆ ప్రకటన ఉపసంహరింపబడినది. సామాన్యమైన వివేకముతో మెలగుడని ప్రజలకు సలహా చెప్పిరి. ఆ వివేకము ఏలినవారికిని వర్తింపవలదా? ఎల్లలోకమునకు కనబడు వెబ్‌సైటునందు వ్రేలిముద్రను, దానికి తాళపుచెవియగు సంఖ్యను ప్రక్కప్రక్కన నుంచినది పల్లెటూరి రైతు కాదు.

2017 ఆగష్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యతను పౌరుని మౌలికహక్కుగా ఏకకంఠముతో ప్రకటించెను. వ్యక్తుల వివరముల రక్షణకై 2023లో చట్టము పుట్టినది. దాని నియమములు 2025 నవంబరున వెలువడినవి. ముఖ్యబాధ్యతల అమలునకు పదునెనిమిది మాసముల గడువు ఈయబడినది. భద్రత చూపక వివరములను పోగొట్టిన సంస్థకు 250 కోట్ల రూపాయలవఱకు దండన విధింపవచ్చునని అందు కలదు. వివరములు బయటబడినచో ఆ సంగతిని సంబంధించిన వ్యక్తికి తెలుపవలెనని కలదు. ఇవి మంచి మాటలు. కాని ఆ దండన సొమ్ము ప్రభుత్వఖజానాకు చేరును. పోగొట్టుకొనినవానికి అందుండి ఒక్క కాసైన నీయవలెనని లేదు. తాను కోరిన ప్రభుత్వసంస్థలను ఈ చట్టమునుండి మినహాయించు అధికారమును కేంద్రప్రభుత్వము తనయందే యుంచుకొనినది. గడపలో ఉంగరము జాఱవిడిచినవారికే మినహాయింపు దొరకునేమోయని జనులు సంశయించుటలో వింత లేదు.

కావున మేము కోరునవి స్వల్పము. ఏ కచేరియైనను తన పనికి ముఖ్యముగా కావలసినదానికంటె ఎక్కువ వివరమును పుచ్చుకొనరాదు. పుచ్చుకొనిన ముద్రను బహిరంగమైన కాగితముపై నుంచరాదు. జాఱినపుడు దాచక, యెవరి ముద్ర జాఱినదో వారికి మొదట చెప్పవలెను. అట్లు జాఱుటవలన నష్టపోయిన కూలివాని సొమ్మును, అతడు కచేరులచుట్టు తిరుగక మునుపే, తిరిగి యీయవలెను. వ్రేలు ఆననివానికి వేఱొక మార్గమును ప్రతిచోటను చూపవలెను.

చందనదాసుడు ద్రోహి కాడు. మిత్రుని కుటుంబమును అప్పగించుటకంటె కొఱతకెక్కుటయే మేలని నిశ్చయించిన మహనీయుడు. అట్టివాని గడపనుండియు ఒక్క క్షణపు తొందరలో ఉంగరము జాఱినది. సద్బుద్ధి యొకటే చాలదని, గడపను కాచుకొనవలెనని ఆ నాటకము మనకు తెలుపుచున్నది. ఈనాడు కోట్ల ప్రజల ముద్రలను తమ యింట దాచుకొనినవారికి చందనదాసుని నిష్ఠయు కావలెను, అతనికి లేని జాగ్రత్తయు కావలెను. అంతవఱకు పాఠకులు తమ వ్రేలికి తాము తాళము వేసికొనుట మంచిది. తమ యింటి ముసలివారి వ్రేలికి మఱింత ముందుగా.